బోరబండ ఇంటికి అద్దె ఎందుకు తక్కువ?

జనగామ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

హైదరాబాద్ బోరబండలో చూసిన అద్దె ఇంటిదని నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. గాలీ వెలుతురూ బాగున్నాయి. బాల్కనీలోంచి రైలు పట్టాలు కూడా కనిపిస్తున్నాయి. మీ అమ్మ వంటగదిలో గ్రానైటు బండ దగ్గరే ఆగిపోయింది. నేను మాత్రం నువ్వు ఫోను పక్కకు తిప్పినప్పుడు ఒక్క క్షణం కనిపించిన నీలం డ్రమ్ముల దగ్గర ఆగాను. బాత్రూము బయట మూడున్నాయి. చిన్న సంసారం ఉండే ఇంట్లో మూడు డ్రమ్ములెందుకు? పాత అద్దెవాళ్లు వదిలేసి వెళ్లారా, ఇంటితోపాటు ఓనరే ఇస్తున్నాడా? అడుగుదామని ఫోను చేస్తే అటు బాబు ఏడుస్తున్నాడు, ఇటు నీ ఆఫీసు మీటింగు. అందుకే కాగితం తీశాను.

బోరబండ అనగానే మీ అత్తగారు ముఖం చిట్లించారని మూడుసార్లు చెప్పావు. ఆ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు లెక్క చూడు. రెండు పడకగదులకు పద్నాలుగు వేలంటున్నారు. అలాంటి ఇల్లే మాదాపూర్‌లో దాదాపు రెట్టింపు అని నువ్వే అన్నావు. ఓనరుకు మన మీద ప్రేమేమీ లేదు కదా. అద్దెలో మిగిలిన డబ్బు ఇంకో దారిన మన జేబులోంచి పోతూనే ఉంటుంది. అది నీళ్ల దారా, వాసన దారా, దూరం దారా అన్నది దిగకముందే తేల్చుకోవాలి. ఒక్కోసారి ఇవేవీ ఉండవు, ఒట్టి పేరు బాగాలేక అద్దె తగ్గుతుంది. అదే అయితే మారు మాట్లాడకుండా అడ్వాన్సు ఇచ్చేసెయ్.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేను అడక్కుండా దిగాను. అశోక్‌నగర్‌లో నాలా, అంటే పెద్ద కాలువ పక్కన ఇల్లు. నీకప్పుడు రెండేళ్లు. అద్దె తక్కువని, బస్టాపు దగ్గరని తీసుకున్నాం. గోడలకు కింద మూడున్నర అడుగుల దాకా ముదురు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, పైన తెల్ల సున్నం. పిల్ల గోడల మీద గీతలు గీసినా తుడుచుకోవచ్చని మీ అమ్మ సంబరపడింది. స్విచ్‌బోర్డులు నా తల ఎత్తున ఉన్నాయి. పిల్లకు అందకుండా ఉంటాయిలే అనుకున్నాను నేను. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నీళ్లు నాలా పట్టక ఇళ్లలోకి వచ్చాయి. మంచం తేలింది, బియ్యం డబ్బా తేలింది. నిన్ను సజ్జ మీద ఇత్తడి బిందెల మధ్య కూర్చోబెట్టి మీ అమ్మ కింద నడుము లోతు నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక చూస్తే మరక సరిగ్గా ఆ ఆకుపచ్చ రంగు అంచు దాకా ఉంది. ఆ రంగు ఎందుకు వేశారో, స్విచ్‌బోర్డులు అంత పైన ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. రోజూ ఊరందరికీ నీళ్లు వదిలేవాడిని, నా ఇంట్లోకి నీళ్లు ఎటునుంచి వస్తాయో చూసుకోలేదు.

కాబట్టి ఏ ఇంటికి వెళ్లినా కిందివైపు చూడు. గడపకు అడ్డంగా తర్వాత కట్టిన చిన్న సిమెంటు గట్టు ఉందా? ఇనుప గేటు అడుగున తుప్పు ఎంత ఎత్తు దాకా ఉంది? కింది వాటా బాత్రూములో ఫ్లోర్ ట్రాప్ మీద, అంటే నేల మీద నీళ్లు పోయే జాలీ మీద, ఇటుకో రాయో పెట్టి ఉంటే వానాకాలంలో డ్రైనేజీ పైకి తంతోందని అర్థం. దానికి ఇంకెవరినీ అడగనక్కరలేదు.

నువ్వు చూసిన ఇల్లు ఎత్తు మీద, అదీ రెండో అంతస్తు. అక్కడ వరద భయం లేదు. బోరబండ, రహ్మత్‌నగర్ అంతా గుట్టల మీద కట్టిన బస్తీలే. కానీ ఎత్తు మీది ఇంటికి వానతో లేని బాధ నల్లాతో ఉంటుంది. మా పనేమిటో నీకు చిన్నప్పుడు తెలుసు, ఇప్పుడు మరిచిపోయి ఉంటావు. నేను చేరినప్పుడు అది ఇంకా వాటర్‌వర్క్స్ డిపార్టుమెంటే, 1989లో జలమండలి అయింది. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో ప్రయాణం చేసి ఊళ్లోకి వస్తాయి. కృష్ణా నీళ్లదీ అదే కథ, వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరం వచ్చిన నీళ్లు చివరి వంద గజాల దగ్గర ఆగిపోవడం నా కళ్లతో చూశాను. నా భుజమంత ఎత్తు ఇనుప తాళంచెవి గుర్తుందా? దాన్ని వాల్వులో దించి తిప్పాలి. రెండు చుట్లు తక్కువ తిప్పితే పై గల్లీలో బిందె నిండదు, ఎక్కువ తిప్పితే కింది గల్లీలో రోడ్డంతా పారుతుంది. పై గల్లీ వాళ్లు పొద్దున్నే నాలుగింటికి లేచి కూర్చునేవారు. ఆ మూడు డ్రమ్ములు చూడగానే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

అందుకని ఓనరును "నీళ్లు వస్తాయా?" అని అడగకు. వస్తాయనే చెబుతాడు, అబద్ధం కూడా కాదు. రోజు విడిచి రోజా, ఏ వేళకు, ఎంతసేపు, పైపుకు మోటారు బిగించకుండా సంపులోకి వస్తున్నాయా అని అడుగు. అడగడం కన్నా నల్లా వచ్చే వేళకు వెళ్లి నిలబడటం మేలు. గల్లీ అంతా ఒకేసారి మోటార్ల రొద వినిపిస్తే ఒత్తిడి లేదన్నమాట. ఆ మోటార్లతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంటింటికీ వెళ్లే సన్న పైపులు చాలా గల్లీల్లో మురికి కాలువలోంచే పోతాయి. ఎక్కడో చిన్న చిల్లు ఉంటుంది. నీళ్లు వచ్చేటప్పుడు ఆ చిల్లులోంచి బయటకు కారతాయి. నీళ్లు ఆగిపోయాక, లేదా ఎవరో మోటారు వేసి లాగుతున్నప్పుడు, అదే చిల్లు బయటి మురికిని లోపలికి పీలుస్తుంది. మొదటి ఐదు నిమిషాలు నల్లాలో వాసన రావడానికి కారణం ఎక్కువగా అదే. చంటిపిల్లవాడు ఉన్న ఇల్లు కదా, నాకు అన్నిటికన్నా దీని మీదే పట్టింపు. గల్లీ చివరి ఇంట్లో నీళ్లు పట్టి పరీక్ష చేయాలి. మేము చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని ఓటీ అనే పరీక్ష మందు చుక్కలు వేసేవాళ్లం. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. కొసన ఉన్న ఇంట్లో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాలేదంటే నీళ్లు దారిలో ఏదో కలుపుకొని వచ్చాయని అనుమానించాలి.

ఓనరు దగ్గర నల్లా బిల్లు కూడా అడిగి చూడు. 2020 డిసెంబరు నుంచి గ్రేటర్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం కదా. క్యాన్ నంబరుకు, అంటే నల్లా కనెక్షను నంబరుకు, ఆధార్ కలిపి ఉంటేనే అది వర్తిస్తుంది. బిల్లు సున్నా వస్తూ ఉంటే, నీ దగ్గర "వాటర్ చార్జీ" అని నెలకు మూడు వందలు ఎందుకు తీసుకుంటున్నాడో మర్యాదగానే అడుగు. ట్యాంకర్లు తెప్పిస్తున్నాడంటే నిజమైన ఖర్చే, ఒప్పుకోవచ్చు. వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో మాత్రం ఓనరును కాదు, కింది వాటా అద్దెవాళ్లను అడుగు.

అల్లుడుగారు చెప్పిన దమ్మాయిగూడ ఇల్లు ఇంకా విశాలం, అద్దె ఇంకా తక్కువ. పగలు పన్నెండింటికి చూసి వచ్చారట. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు అక్కడికి ఎంత దూరమో ఆయనకు తెలియదు పాపం. ఊరి చెత్తంతా పోయేది అక్కడికే. గాలి ఇటు తిరిగిన సాయంత్రం అన్నం ముందు కూర్చోలేం. అక్కడ వేలమంది బతుకుతున్నారు, వాళ్లేమీ మనకన్నా తక్కువవాళ్లు కాదు, గతిలేక సర్దుకుంటున్నారు. మనకు గతి ఉంది. పైగా నీకు రోజూ మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. వద్దు. నిజాంపేట్ మంచిదే కానీ అక్కడ కూడా వీధి వీధికీ తేడా. 2016 సెప్టెంబరు వానలకు బండారి లేఅవుట్‌లో అపార్టుమెంట్ల సెల్లార్లు మునిగాయి, కొత్త కార్లు తేలాయి. గేటెడ్ అన్నంత మాత్రాన నీళ్లు గేటు బయట ఆగవు.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడ చెడ్డమనిషి కాదు, విన్నమాట చెబుతారు. బస్తీ అంటే గొడవలు, తాగుబోతులు, ఇరుకు అంటారు. ఇరుకు నిజమే. 2020 అక్టోబరులో బోరబండలోనే సైట్-3 వైపు భూమిలోంచి శబ్దాలు వచ్చి జనం రాత్రిళ్లు రోడ్ల మీద కూర్చున్న సంగతి కూడా ఆవిడ ఎత్తుతారేమో. భూకంపాలను పరిశీలించే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అవి చాలా చిన్న ప్రకంపనలని చెప్పారు. అద్దె తగ్గించేంత భూకంపాలు కావు. గొడవల మాటకొస్తే, ఆ చుట్టుపక్కల నేను ఆరేళ్లు వాల్వులు తిప్పాను. పెద్ద కాలనీల్లో నేను "వాటర్ అతను". బోరబండలో నాకు పేరుండేది. వరసలు కూడా కలిపేవారు. ఒక ముసలమ్మ నన్ను "అల్లుడా" అని పిలుస్తూ, నీళ్లు తగ్గిన రోజు అదే నోటితో నా వంశం మొత్తాన్ని తిట్టేది. మర్నాడు మళ్లీ చాయ్ ఇచ్చేది. అలాంటి గల్లీలో బాబు గేటు దాటితే పదిమంది "ఎవరి పిల్లాడు?" అని అడుగుతారు. ఆ పదిమందే నీ ఇంటికి ఎవరొచ్చారో కూడా చూస్తారు. అది నీకు ఇష్టమో కాదో నాకు తెలియదు. నీకు చిన్నప్పటి నుంచీ తలుపు వేసుకుని కూర్చోవడం ఇష్టం. అది నువ్వే ఆలోచించుకో.

భద్రత సంగతి పేపరు చూసి తేల్చకు. రాత్రి తొమ్మిదిన్నరకు నడిచి వెళ్లు, అల్లుడుగారిని కాస్త వెనక రమ్మను. కర్రీ పాయింటు తెరిచి ఉందా, బ్లౌజులు కుట్టే ఆవిడ ఇంకా మిషను మీద ఉందా, డ్యూటీ దిగిన ఆడపిల్లలు ఫోను చూసుకుంటూ నడుస్తున్నారా, చేతిలో బిగించి పట్టుకుని వేగంగా నడుస్తున్నారా. రెండు మూడు రాత్రులు చూస్తే నీకే తెలుస్తుంది. గల్లీలోకి చెత్త ఆటో వస్తుందో లేదో కూడా చూడు. అది మలుపు తిరగలేని చోటికి 108 కూడా రాదు. మీ అమ్మ మోకాళ్లకు ఆ ఎక్కుడు ఎలా ఉంటుందో నేను చెప్పను, ఆవిడే చెబుతుంది, చాలా గట్టిగా.

రాకపోకల విషయంలో ఓనరు మాటకు సగం విలువ ఇవ్వు. బోరబండ తర్వాతి ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషనే హైటెక్ సిటీ, అది నిజం. కానీ రైలు ఎప్పుడు వస్తుందో దాన్ని నమ్ముకున్నవాళ్లను అడుగు. బస్సు 2023 డిసెంబరు నుంచి మీ ఆడవాళ్లకు ఉచితమే, బస్సు రావాలి కదా. మెట్రో అయితే ఎర్రగడ్డ దాకా వెళ్లి ఎక్కి, అమీర్‌పేటలో మారాలి, చుట్టు తిరుగుడు. చివరికి పర్వత్‌నగర్ మీదుగా షేర్ ఆటోయో, మీ స్కూటీయో. ఒక సోమవారం సరిగ్గా ఆఫీసు వేళకు ఆ ఇంటి గుమ్మంలోంచి బయలుదేరి గడియారం చూసుకో. ఆదివారం చూస్తే పదిహేను నిమిషాలే అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అద్దెకు ఉండి అలవాటు పడ్డాక "కొనేద్దామా నాన్నా" అంటావు, నాకు తెలుసు. ఇలాంటి బస్తీల్లో చాలా ఇళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, నోటరీ కాగితాల మీదే చేతులు మారతాయి. అద్దెవాడికి దానితో పని లేదు, కొనేవాడికి అదే ప్రాణం. చెరువుల సంగతి సరేసరి. అల్లాపూర్ పక్కనే సున్నం చెరువు ఉంది కదా, 2024 సెప్టెంబరులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వాళ్లు అక్కడ కట్టడాలు కూల్చారు. కాబట్టి చవగ్గా అద్దెకు ఉండు, ఆ మిగిలింది దాచుకో. కొనే మాట వచ్చినప్పుడు ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) తీయించి, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) మ్యాపు చూపించకుండా ఎవరికీ టోకెన్ ఇవ్వొద్దు.

అడ్వాన్సు ఆదివారం దాకా ఆపు. శనివారం తెల్లవారుజామున దిగేలా శుక్రవారం రాత్రి బండికే వస్తాను. నల్లా ఏ వేళకు వస్తుందో ఇస్త్రీ బండి అతన్ని అడిగి ఉంచు, ఆ వేళకే వెళదాం. ఓటీ సీసా నా పాత సంచిలోనే ఉంది, మందు పాడైందేమో, కొత్తది తెస్తాను. నేను జలమండలిలో పనిచేశానని ఓనరుకు మాత్రం చెప్పకు. ఊరి నుంచి వచ్చిన ముసలాయన, ఏమీ తెలియదు, నీళ్లు తాగుతానంటున్నాడు అని చెప్పు.

మీ నాన్న

తా.క. ఆ డ్రమ్ముల్లో నీళ్లున్నాయా, ఖాళీయా? వీడియోలో మూతలు పెట్టి ఉన్నాయి, కనబడలేదు. ఈసారి వెళ్లినప్పుడు మూత తీసి చూడు.