ఆ రింగులో కెమెరా లేదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మాది చెన్నై వ్యాసర్పాడి. ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో మాట్లాడేది తెలుగే, పొద్దున్నే చదివేది తెలుగు పేపరే. సంక్రాంతి దాటిందంటే ముందు జిల్లా వార్తలు తిరగేస్తాను. ‘కాలికి చిప్పు ఉన్న పావురం కలకలం’ అని నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వార్త కనబడితే టెన్షన్. అది మాదేనేమో అని.

మేం పోటీ పావురాలు పెంచుతాం. హైదరాబాద్ పాతబస్తీలో సొంత మేడ మీదే గంటల తరబడి ఎగిరేవి వేరు, ఇవి వేరు. వీటిని బుట్టల్లో పెట్టి విజయవాడ తీసుకెళ్లి తెల్లారగానే వదిలితే నేరుగా ఇల్లు చేరాలి. పక్షి ఎగిరే దారిన సుమారు 380 కిలోమీటర్లు. గాలి కలిసొస్తే ఆరు గంటల్లోపే వచ్చేస్తాయి. ఒక్కొక్కరి ఇంటి దూరాన్ని పట్టిన సమయంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లో లెక్క కడతారు.

గొడవంతా ఆ సమయం దగ్గరే. మొన్నటిదాకా మాకు రబ్బరు రింగే. పోటీకి ముందు క్లబ్బువాళ్లు కాలికి తొడుగుతారు. పావురం వచ్చాక దాన్ని పట్టుకుని, రింగు తీసి, సీలు వేసిన గడియారంలో వేసి మీట నొక్కాలి. మూడేళ్ల కిందట మా బూడిదరంగు ఆడది అందరికన్నా ముందే వచ్చి, పక్కింటి వాటర్ ట్యాంకు మీద కూర్చుంది. నేను డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తూ, దాన్ని చూడనట్టు నటిస్తూ నిలబడ్డాను. అది తీరిగ్గా ఈకలు దువ్వుకుంది. దిగాక పట్టుకుంటే చెమట చేతులకి రబ్బరు జారిపోయింది. అర నిమిషంలో మొదటి స్థానం పోయింది. విజయవాడ పోటీలో అర నిమిషమంటే వేగంలో మీటరున్నర తేడా!

కిందటేడు అప్పుచేసి ఎలక్ట్రానిక్ గడియారం కొన్నాను. ఇవి జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియం దేశాల్లో తయారవుతాయి. గడియారం, గూటి గుమ్మంలో పరిచే పలక కలిపి నాకు 70 వేలు దాటింది. చిప్పు ఉన్న ప్లాస్టిక్ రింగు ఒక్కోటి 150 రూపాయలు, నాకు 40 కావాలి. రింగు తొడుక్కున్న పావురం పలక మీద కాలు పెట్టగానే టైము దానంతటదే పడుతుంది. కానీ ట్యాంకు మీద కూర్చునే పావురానికి ఇదీ మందు కాదు, లోపలికి నడిచొస్తేనే లెక్క. వచ్చే వేళకి కరెంటు పోతే ఏం గతని ఒక బ్యాటరీ కూడా కొన్నాను. ఒక కంపెనీ రింగుని ఇంకో కంపెనీ గడియారం అన్నిసార్లూ చదవదు, అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొనాలన్నా భయమే. ఇద్దరం కలిసి కొందామంటే కుదరదు, ఎవరి పావురం వాళ్లింటికే వస్తుంది మరి. మా క్లబ్బులో ఆటో నడిపే కుర్రాడొకడు ఇంకా రబ్బరు రింగుతోనే పోటీకి వస్తున్నాడు. మా అందరికన్నా మంచి పావురాలు వాడివే. అయినా ప్రతిసారీ ముప్పై, నలభై సెకన్లు వెనకే. గడియారాలు కొనమని ఒత్తిడి తెచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి వాడి మొహం చూడలేకపోతున్నాను.

‘చిప్పు ఉందిగా, ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చుగా’ అంటారు చాలామంది. చూసుకోలేం. అందులో బ్యాటరీ లేదు, కెమెరా లేదు, ఉన్నదల్లా ఒక నంబరు. అదీ పలకకి బెత్తెడు దూరంలోకి వస్తేనే తెలుస్తుంది. ముంబైలో 2023 మేలో దొరికిన ఒక పావురాన్ని గూఢచారి అనుమానంతో 8 నెలలు ఆస్పత్రిలో ఉంచారు. తీరా చూస్తే అది తైవాన్ పోటీ పావురం. 2024 జనవరి చివర్లో గానీ వదల్లేదు.

అందుకే మీ పాఠకులకు ఒక మనవి. డేగ తరిమో, ఎండకి సొమ్మసిల్లో మీ మేడ మీద ఇలాంటిది వాలితే వెడల్పాటి గిన్నెలో నీళ్లు, గుప్పెడు జొన్నలు పెట్టండి. ఒకట్రెండు రోజుల్లో తేరుకుని అదే వెళ్లిపోతుంది. రింగుని మాత్రం కత్తెరతో కోయకండి. లోపల సన్నటి రాగితీగ చుట్ట, చిన్న చిప్పు తప్ప ఏమీ దొరకవు. నాకు 150 రూపాయలు దండగ.

ఇట్లు,
ఒక పావురాల పెంపకందారు,
వ్యాసర్పాడి, చెన్నై