మండపాలు ఖాళీగా ఉన్న రోజుల్లో పాట కచేరీలకి ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం పేజీలో స్టేడియం కన్సర్ట్‌ల మీద పెద్ద ఆర్టికల్ వేశారు, టికెట్లు ఎంతకి పోయాయి, లైటింగ్‌కి ఎంతయింది అంటూ. బాగుంది, కాదనను. కానీ పక్కనే చిన్న హాళ్ల గురించి కూడా రెండు ముక్కలు వేయాల్సింది, ఆ స్టేడియం దాకా వెళ్లినోళ్లలో చాలామంది ముందు ఎక్కడో వంద మంది ఎదురుగా తడబడుతూ పాడినోళ్లే కదా.

లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 100 నంబర్ బిల్డింగ్ కింద సెల్లార్‌లో హండ్రెడ్ క్లబ్ అని ఒకటుంది. మా మేనల్లుడికి లండన్‌లోనే ఉద్యోగం, ఓసారి ఆ క్లబ్‌కి వెళ్లి వీడియో పంపాడు. ఎర్ర గోడలు, వాటి నిండా ఫొటోలు, స్టేజీకి అడ్డంగా స్తంభాలు, ఓ మూడొందల యాభై మంది పడతారంతే, మన పెళ్లిళ్ల భోజనాల హాలే దానికన్నా పెద్దదిగా ఉంటుంది. అలాంటి చోట 1942 అక్టోబర్ నుంచి పాట నడుస్తోందండి! అప్పుడు యుద్ధం రోజులు, అదో రెస్టారెంట్, దాన్ని అద్దెకు తీసుకుని ఫెల్డ్‌మన్ అనే కుటుంబం వాళ్లు జాజ్ మొదలెట్టారు, వాళ్ల చిన్నోడు విక్టర్‌కి అప్పటికి ఎనిమిదేళ్లు, డ్రమ్స్ ముందు కూర్చుంటే పెద్దోళ్లు నోరెళ్లబెట్టి చూసేవారట. 1964లో హోర్టన్ కుటుంబం చేతికొచ్చాక ఇప్పుడున్న పేరు పడింది. 1976 సెప్టెంబర్‌లో అక్కడే రెండు రోజులు పంక్, అంటే గోలగోలగా ఉండే ఓ రకం రాక్ సంగీతం, దాని ఫెస్టివల్ పెట్టారు, సెక్స్ పిస్టల్స్, క్లాష్ లాంటి బ్యాండ్లు, అప్పటికి ఒక్క రికార్డు కూడా బయటికి రాని కుర్రాళ్లు. పంక్ అంటే నాకు తలనొప్పే, ఐదు నిమిషాలు వినలేను, కానీ జాజ్ తప్ప ఇంకేదీ వద్దని వాళ్లు తలుపులేసుకోలేదు చూడండి, అది నచ్చింది నాకు.

2010 చివరికి వచ్చేసరికి అద్దెలూ పన్నులూ కట్టలేక మూసేసే పరిస్థితి. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ అంతటోడు వచ్చి మధ్యాహ్నం పూట అక్కడ పాడాడు, తర్వాత ఓ బూట్ల కంపెనీ స్పాన్సర్‌గా నిలబడితే గట్టెక్కారు. అసలు మేలు మాత్రం 2020లో జరిగింది, అక్కడి వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిదే అనుకోండి, ఆ క్లబ్ కట్టాల్సిన బిజినెస్ ట్యాక్స్ మొత్తం, నూటికి నూరు శాతం మాఫీ చేసేసింది. చందా ఇవ్వలేదు, సన్మానం చేసి శాలువా కప్పలేదు, పన్ను తీసేసి ఊరుకుంది.

ఇప్పుడు ఒడిశాలోని మా బరంపురం సంగతి. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరకి ఊరంతా సౌండ్ బాక్సులే, గుండెలు అదిరిపోతాయి, దానికి లోటేం లేదు. కూర్చుని వినే పాటకే చోటు లేదు. మేం కొంతమందిమి వారానికోసారి కలుస్తాం, ఇద్దరు కీర్తనలు పాడతారు, పక్క వీధి ఒడియా పెద్దాయన చంపూ పాటలు ఎత్తుకుంటారు, మృదంగం కుర్రాడు వస్తే పండగ, లేకపోతే ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని కానిచ్చేస్తాం. ఇన్నాళ్లూ ఒకాయన మిద్దె మీద గది ఇచ్చారు, ఇప్పుడు అది కోచింగ్ సెంటర్‌కి పోయింది, ఆయన్ని తప్పు పట్టలేం, అద్దె మాకంటే వాళ్లు ఎక్కువిస్తారు. సరేలే అని ఓ కల్యాణ మండపం వాళ్లని అడిగాం, ముహూర్తాల్లేని ఆషాఢంలో, అదీ మంగళవారం, రెండంటే రెండు గంటలు. పెళ్లికి ఎంతో అంతే అన్నారు! జనరేటర్ చార్జీ వేరేనట. ఆ రోజు ఆ హాల్లో ఫ్యాన్లకి దుమ్ము, మూలన మడిచి పడేసిన రెండు తివాచీలు, వాటి మీద పిల్లి, అంతే.

విజయనగరం ఇక్కడికి దూరమేం కాదు, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల, నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. మన వైపు పిల్లలు అలాంటి చోట నేర్చుకుని వచ్చినా ఇక్కడ పాడేదెక్కడండి? ఇంట్లో వాళ్లమ్మకి పాడాలి, లేదా రీల్స్ చేసుకోవాలి.

ఇది చదివి మా ఆవిడ, "మీకు లండన్ గొడవెందుకండీ, ముందు మన వీధి లైటు వెలగట్లేదని రాయండి" అంది. అదీ నిజమే, దానికి ఇంకో ఉత్తరం రాస్తాను.

నేనడిగేది పెద్దదేం కాదు. ముహూర్తాల్లేని నెలల్లో వారంలో ఒక్క సాయంత్రం చిన్న రేటుకి పాటకి ఇచ్చే మండపాలకి మున్సిపాలిటీ హోల్డింగ్ ట్యాక్స్‌లో, అంటే ఆస్తి పన్నులో, కొంచెం తగ్గిస్తే చాలు, ఓనర్లు వాళ్లంతట వాళ్లే తలుపులు తీస్తారు. ఇక్కడా, పర్లాకిమిడిలో కూడా. కరెంటు మీటరు రీడింగ్ చూసి డబ్బులు కట్టేస్తాం, తివాచీలు మేమే దులుపుకుంటాం, తొమ్మిదిన్నరకల్లా తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టేస్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా