ఫుట్‌బాల్ అభిమానుల సంఘం వార్షిక నివేదిక: ఏడాదంతా స్టేడియం గొడవే

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు విషయాలు ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బయటి ఊళ్లలో జరిగే మ్యాచ్‌లకు బస్సులు ఎప్పటిలాగే నడిచాయి, కొత్త సభ్యులు బాగానే చేరారు, ఖాతాల పట్టికను కోశాధికారి విడిగా పంపారు, సందేహాలుంటే ఆయన్నే అడగండి. మిగతా ఏడాదంతా స్టేడియం గొడవే. కమిటీ దేనికోసం కూర్చున్నా కాసేపటికి మాట అక్కడికే వచ్చేది.

మన స్టేడియంలో కడుతున్న కొత్త స్టాండ్‌ను (ప్రేక్షకుల గ్యాలరీని) సీజన్ మొదలయ్యేసరికి తెరుస్తామని క్లబ్ మొదట చెప్పింది, తర్వాత సీజన్ మధ్యలో అంది, ఇప్పుడు తేదీ చెప్పడమే మానేసింది. పాత స్టాండ్‌లో ఏళ్ల తరబడి ఒకే సీట్లో కూర్చున్నవాళ్లను మైదానం నాలుగు మూలలకూ సర్దారు, తండ్రి ఒకచోట, పిల్లలు ఇంకోచోట కూర్చుని మ్యాచ్ చూస్తున్న కుటుంబాలున్నాయి. తేదీ కోసం అభిమానులు ఇంత చికాకు పడతారేంటని క్లబ్ వాళ్లు అనుకుంటే, ముందు ఈ కుటుంబాలతో మాట్లాడాలి.

సభ్యుల్లో రెండు వాదనలు గట్టిగా నడిచాయి. పూర్తిగా ఖాళీ చేసి వేరే స్టేడియంలో ఆడుకుంటే పని త్వరగా అయిపోయేదని కొందరంటారు. స్పెయిన్ క్లబ్ బార్సిలోనా అదే చేసింది. 2023 వేసవిలో తన సొంత స్టేడియం క్యాంప్ నౌ వదిలి మోంజుయిక్ ఒలింపిక్ స్టేడియానికి వెళ్లింది. 2024 నవంబర్‌లో క్లబ్ 125 ఏళ్ల పండగనాటికి తిరిగొస్తామంది, చివరికి వచ్చింది 2025 నవంబర్ 22న, అదీ సగం కంటే తక్కువ సీట్లతో. మోంజుయిక్‌కు వెళ్లడం ఇష్టంలేని చాలామంది సీజన్ టికెట్‌దారులు సీటు హక్కు మాత్రం నిలుపుకుని ఆ కాలం పక్కన ఉండిపోయారు. ఖాళీ చేసినంత మాత్రాన గడువు నిలబడుతుందన్న నమ్మకం నాకైతే లేదు.

ఇక్కడే ఉండి ఒక్కో స్టాండ్ కట్టుకోవాలనేవాళ్లకూ చిక్కులున్నాయి. ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ తన ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ అలాగే కట్టింది, జట్టు ఎక్కడికీ వెళ్లలేదు. 2023 ఆగస్టులో కాంట్రాక్టర్ కంపెనీ ఆర్థికంగా కుప్పకూలి పని ఆగిపోయింది. వేరే వాళ్లను తెచ్చి, పై అంతస్తును ఆ సీజన్ నడుస్తుండగానే విడతలుగా తెరిచారు. ఇంతకన్నా ఘోరం స్పెయిన్‌లో వాలెన్సియా క్లబ్ అభిమానులది. వాళ్ల కొత్త స్టేడియం ‘కొత్త మెస్తాయా’ పని 2007లో మొదలైంది, 2008లో అక్కడ నలుగురు కార్మికులు ప్రమాదంలో చనిపోయారు, 2009 ఫిబ్రవరిలో డబ్బుల్లేక ఆగిపోయింది, మళ్లీ కదిలింది 2025 జనవరిలో. అన్నేళ్లూ ఆ కాంక్రీట్ మొండిగోడలను చూస్తూ తిరిగారు వాళ్లు. మన సంగతి అంతవరకూ రాలేదు, రాకూడదు కూడా, అందుకే కాంట్రాక్టర్ పరిస్థితి ఎలా ఉంది, అతను మధ్యలో వదిలేస్తే ప్రత్యామ్నాయం ఏంటి అని క్లబ్‌ను రాతపూర్వకంగా అడిగాం. జవాబు వచ్చింది కానీ ఈ రెండో ప్రశ్నకు అందులో సమాధానం లేదు. మళ్లీ రాశాం.

"సగం సీట్లైనా తెరవండి, మిగతాది మెల్లగా చేసుకోండి" అని క్లబ్ మీద ఒత్తిడి తెమ్మని చాలామంది సభ్యులు కోరారు, కమిటీ ఒప్పుకోలేదు. దీనిమీద మాకు బాగానే తిట్లు పడ్డాయి. అయినా మాట మార్చడం లేదు. లండన్ క్లబ్ టోటెన్‌హామ్ కొత్త స్టేడియం 2018 సెప్టెంబర్‌లో తెరవాల్సింది, కీలకమైన భద్రతా వ్యవస్థల్లో లోపాలు బయటపడి 2019 ఏప్రిల్ 3 దాకా ఆగింది. అప్పటిదాకా వాళ్లు వెంబ్లీ స్టేడియంలో ఆడారు, తెరవడానికి ముందు మార్చిలో తక్కువమంది ప్రేక్షకులతో రెండు ట్రయల్ మ్యాచ్‌లు పెట్టి గేట్లు, మెట్లు, అలారాలు పరీక్షించుకున్నారు. అభిమానులకు అప్పుడు కోపం వచ్చింది, రావడం సహజం, కానీ ఆపడమే సరైన పని. 1985లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండ్ అంటుకుని 56 మంది చనిపోయారు, 1989లో అక్కడే హిల్స్‌బరో స్టేడియంలో జనం ఒత్తిడికి నలిగి 97 ప్రాణాలు పోయాయి. భద్రతా సర్టిఫికెట్ రాకుండా స్టాండ్ తెరవమని అడగడానికి ఈ సంఘం సంతకం పెట్టదు.

అలాగని ఆలస్యానికి మేం వంత పాడటం లేదు. భద్రత కోసం ఆగారా, డబ్బుల కోసం ఆగారా, డిజైన్ మార్చి ఆగారా అన్నది మనకు తెలియాలి. ఇనుప పని, పైకప్పు, కరెంటు, ఫైర్ అలారం పరీక్షలు, ట్రయల్ మ్యాచ్ — ఒక్కోటి ఎప్పటికి అవుతుందో ప్రతి నెలా చెప్పమని అడుగుతున్నాం. ఒక దశ జారిపోతే ఎందుకు జారిందో చెప్పాలి. తేదీ మారితే మనం తట్టుకుంటాం, చెప్పకుండా మార్చేస్తేనే మండుతుంది.

ఈ ఏడాది సాధించినది ఒకటుంది. సవరించిన డ్రాయింగుల్లో వీల్‌చైర్ సభ్యులకు ఇచ్చిన చోట, ముందువరుస వాళ్లు లేచి నిలబడితే గోల్ కనపడదు. మన సభ్యులే కొలతలు చూసి ఈ తప్పు పట్టారు. ముందున్నవాళ్ల కళ్లకు పైగా మన చూపు ఎంత ఎత్తున వెళ్తుందో సీట్ల వరుసలకు లెక్క కడతారు, 90 మిల్లీమీటర్లు ఉంటే మంచి దృశ్యమని, 60 ఉన్నా నడుస్తుందని అంటారు, కానీ అది అందరూ కూర్చుని చూస్తున్నప్పటి లెక్క. పెనాల్టీ వస్తే ఎవరు కూర్చుంటారు? ఆ వీల్‌చైర్ల చోటును పైకి లేపడానికి క్లబ్ ఒప్పుకుంది, మారిన డ్రాయింగ్ మా చేతికొచ్చింది. ఇందుకోసం పట్టువదలకుండా తిరిగిన సభ్యులకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

తేలనిది సీటు హక్కు. కొత్త స్టాండ్‌లో మధ్య భాగమంతా కార్పొరేట్ బాక్సులకు పోతుందేమోనని భయం ఉంది, అది వట్టి అనుమానం కాదు, ఎందుకంటే ఖర్చు పెరిగే కొద్దీ ఖరీదైన సీట్లతో దాన్ని రాబట్టుకోవాలని ఏ క్లబ్ అయినా చూస్తుంది. పాత స్టాండ్‌లో సీజన్ టికెట్ ఉన్నవాళ్లకే కొత్త స్టాండ్‌లో మొదటి ఎంపిక, విడిపోయిన కుటుంబాలకు పక్కపక్క సీట్లు, ఈ రెండూ రాతలో ఇవ్వమని అడిగాం. ఇంకా ఇవ్వలేదు.

సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు వస్తాయి. ఒకటి, నెలవారీ వివరాలు ఇచ్చేదాకా క్లబ్ ప్రచార కార్యక్రమాలకు సంఘం దూరంగా ఉండాలా అన్నది. రెండు, సీటు హక్కు రాతలో వచ్చేదాకా సీజన్ టికెట్ రెన్యువల్ డబ్బు చివరిరోజు వరకు కట్టకుండా ఉండాలా అన్నది. రెండోదానిమీద కమిటీలోనే ఏకాభిప్రాయం లేదు, నేను వ్యతిరేకం, ఎందుకంటే సీటు పోతే పోయేది సభ్యుడిదే. అయినా నిర్ణయం మీది. రాలేనివాళ్లు ఓటును రాతపూర్వకంగా కార్యదర్శికి ముందే పంపించండి. సభ్యత్వ రుసుము ఈసారి పెంచడం లేదు.