నాచు బండల మీద ఫొటోలు వద్దు

ఎడిటర్ గారికి,

అమెరికాలోని స్మోకీ పర్వతాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన యాత్రా వ్యాసం బాగుంది. కువోహి శిఖరం (2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్) దగ్గర నాచు బండలెక్కి ఫొటోలు దిగమన్న సలహాతోనే మా పేచీ.

స్ప్రూస్-ఫర్ మాస్ స్పైడర్ అనే సాలీడు కాపురం ఆ నాచు కిందే. టరాంటులాలనే పెద్ద బొచ్చు సాలీళ్లకు దూరపు చుట్టం, ఒళ్లు మాత్రం 3-4 మిల్లీమీటర్లు. దక్షిణ అపలాచియన్ పర్వతాల్లో, దాదాపు 5,400 అడుగులకు పైనున్న కొన్ని శిఖరాల మీద తప్ప ఇంకెక్కడా లేదు. అమెరికా ప్రభుత్వం 1995లో దీన్ని అంతరించిపోతున్న జీవుల్లో చేర్చింది.

బండకూ నాచుకూ మధ్య సన్నటి పట్టు గొట్టాలు అల్లుకుని ఉంటుంది. నాచు ఎండితే సాలీడు చస్తుంది, నీళ్లోడేంత తడిసినా నిలవదు. అందుకే నీడా పొగమంచూ ఉండి, నీరు నిలవని బండే కావాలి. ఆ నీడ ఫ్రేజర్ ఫర్ అనే సూదుల్లాంటి ఆకుల చెట్లది. యూరప్ నుంచి వచ్చిన ఒక పురుగు, మన పేనుబంకకు బంధువు, 1957లో నార్త్ కరోలినాలోని మౌంట్ మిచెల్ శిఖరం మీద బయటపడింది. కాండం మీద తెల్లటి దూదిలా అంటుకుని రసం పీలుస్తుంది. చెట్టులో నీరు పైకెక్కే దారులు మూసుకుపోయి కొన్నేళ్లలోనే ఎండిపోతుంది. చెట్టు పోతే ఎండా గాలీ నేరుగా బండకు తగులుతాయి, నాచు పెళుసెక్కి రాలుతుంది. లేత చెట్ల నున్నటి బెరడు పురుగుకు అంతగా పట్టివ్వదు కాబట్టి కొత్త అడవి లేస్తోంది గానీ, నీడ చిక్కబడాలంటే దశాబ్దాలు పడుతుంది.

ఈలోగా మిగిలిన నాచును బూట్లతో తొక్కితే ఎలా? వాలు బండ మీద పొర ఒక్క అడుగుకే చాపలా జారి ఊడొస్తుంది. తిరిగి పరిచినా అతుక్కోదు, అంచులు ముడుచుకుని ఎండుతుంది. పైగా మనవాళ్లు పిల్లల సెలవులకు వెళ్లే జూన్‌లోనే ఈ సాలీడు గుడ్లు పెడుతుంది. పలచటి సంచిలో ఏడు నుంచి తొమ్మిది, అంతే. కదిలిస్తే తల్లి ఆ సంచిని కోరలతో కరచుకుని పారిపోతుంది. సాలీడు పిల్లలు సెప్టెంబరులో బయటికొస్తాయి.

కాలిబాట దిగకండి. ఫొటో కావాలంటే బాట మీద నిలబడి, బండ వెనక కనిపించేలా తీసుకోండి. సాలీడును చూద్దామని నాచు ఎత్తొద్దు. ఇంట్లో కుండీలకు బాగుంటుందని పెరుక్కోవడమూ వద్దు, నేషనల్ పార్కులో అది నేరం. వ్యాసాన్ని మళ్లీ వేస్తే ఆ వాక్యం తీసేయండి.

— ఇద్దరు పాఠకులు, నార్త్ కరోలినా