ఆ సన్నివేశాల వెనుక పేర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో మీరు వేసిన మరపురాని సినిమా సన్నివేశాల జాబితా చదివాను. ఎంపికతో పెద్ద పేచీ లేదు, జాబితా అన్నాక ఎవరికో ఒకరికి నచ్చదు. కానీ ప్రతి సన్నివేశం కింద నటుడు, దర్శకుడి పేర్లు తప్ప ఇంకొకటి లేదు.

హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో స్నానాల గది హత్యనే తీసుకోండి. అక్కడ అసలు సంగీతమే వద్దని ఆయన మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలతో చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. కత్తి ఒంట్లో దిగడం తెరమీద దాదాపు కనిపించదు. ఆ కీచు మోత, ఎడిటర్ జార్జ్ టొమాసినీ చకచకా కత్తిరించి అతికిన షాట్లు కలిసి మనం అంతా చూశామనే భ్రమ కలిగిస్తాయి.

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955)లో ఇంకా విచిత్రం. చాన్నాళ్లకు ఇల్లు చేరిన తండ్రి, కూతురు చనిపోయిందని తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర చూపిస్తాడు. తల్లి బావురుమంటుంది. ఆమె గొంతు మాత్రం మనకు వినబడదు, దాని బదులు తార్ షెహనాయ్ అనే తీగ వాయిద్యం పలుకుతుంది. మామూలు ఏడుపే వినిపించి ఉంటే కళ్లు చెమర్చేవేమో గానీ, ఇంతలా గుండె పట్టేసేది కాదని నా ఉద్దేశం.



ఇకమీదట ఇలాంటివి ప్రచురించేటప్పుడు ఎడిటర్, సంగీత దర్శకుడు, సౌండ్ విభాగం వాళ్ల పేర్లు కూడా వేయండి. మహా అయితే రెండు లైన్లు ఎక్కువ పడతాయి.

– ఒక పాఠకుడు