పెళ్లిపత్రిక వెనక అరబ్బీ రాసిచ్చిన అక్కకు

చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కి నా పక్కన కూర్చున్న అక్కా, మీ పేరు కూడా అడగలేదు నేను. కువైట్‌కు ఇంటిపనికి పోతున్నానని చెప్పి ఏడుస్తుంటే, మీరు సంచిలోంచి పాత పెళ్లిపత్రిక తీసి దాని వెనక అంకెలు రాశారు.

"చూడు పాపా, అక్కడ సున్నా అంటే ఉత్త చుక్క. మన సున్నాలా గుండ్రంగా ఉండేది 5. మన 7లా కనబడేది 6. మందుల దగ్గర మాత్రం పొరపాటు పడొద్దు."

అక్షరాలు 28 అట. అన్నీ కుదరక కొన్నే చూపించారు. పడవలాంటి గీత కింద ఒక చుక్క పెడితే బా, పైన రెండు పెడితే తా, మూడు పెడితే థా. ముగ్గులేసే చేతికి అది ఇట్టే పట్టుబడింది. రాత కుడి నుంచి ఎడమకు, అంకెలు మాత్రం మనలాగే. ఇరవై ఐదును 'ఖమ్సా వ ఇష్రీన్', అంటే ఐదూ ఇరవై అనాలి. చంద్రగిరి దాటేదాకా నా చేత అప్పజెప్పించుకుంటూనే వచ్చారు.

అక్కడ ఇంటావిడ తన తల్లికి మాత్రలు వేసే వేళలు చీటీ మీద రాసి బయటికెళ్లింది. గుండ్రటి గుర్తు చూడగానే చెయ్యి ఆగింది. మీ మాట గుర్తొచ్చి, సరిగ్గా ఐదింటికి మాత్ర ఇచ్చాను.

ఆ పత్రిక మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి దాచుకున్నాను. ఆ రోజు టెన్షన్‌లో థాంక్స్ కూడా చెప్పకుండా దిగిపోయాను. మీరెక్కడున్నా చల్లగా ఉండాలి అక్కా.