లెక్కల మాస్టారిని వెనక్కి పంపండి: జిల్లా విద్యాశాఖాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా కొండ మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి లెక్కల మాస్టారిని ‘పని సర్దుబాటు’ పేరుతో పట్టణానికి పంపారు. విద్యార్థుల సంఖ్య తక్కువట. తక్కువే, కాదనం. ఊళ్లే చిన్నవైతే పిల్లలు ఎక్కడి నుంచి పుట్టుకొస్తారు?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సు, గణితాలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. పిల్లలు తక్కువైతే అక్కర్లేదని అందులో రాయలేదు. తొమ్మిది, పది తరగతుల ఊసు ఆ చట్టంలో లేదు. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నపత్రం మాత్రం మా పిల్లలకూ, పట్టణం పిల్లలకూ ఒకటే.

ఇప్పుడు పదో తరగతికి లెక్కలు చెబుతున్నది హిందీ టీచరు. పాపం, తప్పు ఆమెది కాదు. త్రికోణమితి వస్తే గైడు తెరిచి లెక్కను బోర్డు మీదకు ఎక్కిస్తారు, పిల్లలు దించుకుంటారు. ‘ఇక్కడ సైన్ ఎందుకు వాడాం టీచర్?’ అని ఒక పిల్ల అడిగితే, గైడులో మరో పేజీ తిప్పారు.

బడిని పక్క మండలంలో కలిపేస్తే పోతుందని కొందరి సలహా. మధ్యలో వాగు ఉంది, వంతెన లేదు. వానాకాలంలో అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. ఆడపిల్లలను అంత దూరం పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. ఎనిమిదితో చదువు ఆపించి పెళ్లి మాటలు మొదలుపెడతారు.

సర్దుబాటు ఉత్తర్వు రద్దు చేసి, దసరా సెలవులు ముగిసేలోగా మాస్టారిని పంపండి. ముందు స్వయంగా చూస్తానంటే రండి, వాగు దాటించే పూచీ మాది.

ఇట్లు,
తల్లిదండ్రుల తరఫున ఒక తండ్రి